ఒకే లెక్క ఎన్నిసార్లు పంపాలి? పిల్లలకు ఫోన్ చేసే టైం ఎలా కాపాడుకుంటున్నారు?

బెజవాడ ఎస్‌జీటీ | 28 అక్టోబర్ 2020, రాత్రి 10:20

టీచర్ మిత్రులందరికీ నమస్కారం. విజయవాడలో కృష్ణ ఒడ్డు కాలనీల పిల్లలు వచ్చే ఒక చిన్న ప్రాథమిక బడిలో పనిచేస్తున్నాను. ఇద్దరమే టీచర్లం, హెచ్‌ఎం బాధ్యత కూడా నాదే. ఒకటి, రెండు తరగతులు మా తోటి టీచర్ చూస్తారు, మిగతావి నావి. మార్చిలో కరోనాతో బడి మూసేసిన దగ్గర్నుంచి పిల్లలకు ఏదో ఒక దారిలో పాఠం అందిస్తూనే ఉన్నాం. కానీ ఈ నెలలో రిపోర్టులు పంపడంతోనే రోజు గడిచిపోతోంది. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారో తెలుసుకుందామని రాస్తున్నాను.

ముందు మా పిల్లల సంగతి చెప్పాలి. హైటెక్, లోటెక్, నోటెక్ అని మూడు రకాలుగా విడదీసి లిస్టు పంపమన్నారు కదా. ఇంటర్నెట్ ఉన్న ఫోన్ ఉంటే హైటెక్, టీవీయో రేడియోనో ఉంటే లోటెక్, ఏదీ లేకపోతే నోటెక్. మా దగ్గర ఒకే పిల్లాడు పగలు నోటెక్, రాత్రి హైటెక్. నాన్న ఆటో తీసేటప్పుడే ఫోన్ జేబులో వేసుకుని వెళ్లిపోతాడు, మళ్లీ ఎనిమిది దాటాకే ఇల్లు చేరతాడు. ఆ పిల్లాణ్ణి ఏ గడిలో రాయాలి? సప్తగిరిలో విద్యావారధి పాఠాలు వచ్చినప్పుడు కూడా అంతే. టీవీ ఉన్న ఇల్లే, కానీ పాఠం టైంకి తల్లి పనికి వెళ్తూ తాళం వేసి పిల్లల్ని అమ్మమ్మ దగ్గర దింపేస్తుంది. లిస్టులో మాత్రం లోటెక్, "టీవీ కలదు".

అందుకని మా బడి ఇప్పుడు రాత్రి ఎనిమిది తర్వాతే నడుస్తోంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను, వాచకం తెరిచి చదవమంటాను. మూడో తరగతి బాబు ఒకడున్నాడు. బడి మూసేనాటికి గుణింతాలు గట్టిగా వచ్చేశాయి, ఒత్తుల దగ్గర ఉన్నాం. మొన్న "రాష్ట్రం" దగ్గర ఆగిపోయాడు. "రాష్... రాష్ట..." అంటున్నాడు. వెనకాల కుక్కర్ కూత, చెల్లెలి ఏడుపు, నాన్న "చెప్పరా, మేడం అడుగుతుంటే" అని గదమాయించడం అన్నీ వినబడుతున్నాయి. నేను అందించలేదు, ఆయన్ని కూడా కాసేపు ఆగమన్నాను. వాడు మళ్లీ మొదటి అక్షరం దగ్గర్నుంచి వచ్చి, కింద ఉన్న రెండో ఒత్తును కూడా పట్టుకుని "రాష్ట్రం" అన్నాడు. ఎవరూ అడక్కుండానే ఇంకోసారి అన్నాడు. అలా రెండోసారి తనంతట తను అన్నాడంటే ఇక ఆ మాట మర్చిపోడు. చదువు చెప్పే ప్రతి ఒక్కరికీ అది తెలుసు.

సరిగ్గా ఆ టైంలోనే టీచర్ల వాట్సాప్ గ్రూపులో "మోస్ట్ అర్జెంట్" పడుతుంది. ఫలానా సంఖ్య తొమ్మిదిలోపు షీట్‌లో ఎంటర్ చేయాలి, చేయని బడుల పేర్లు కింద వేస్తున్నాం అని. ఫోన్ ఒక్కటే కదండీ నా దగ్గర. షీట్ తెరవాలంటే పిల్లవాడి కాల్ కట్ చేయాలి.

ఈ నెల 8న పునాదిపాడు హైస్కూల్లో విద్యాకానుక మొదలైంది. మంచి పథకమని మనస్ఫూర్తిగా అంటున్నాను. యూనిఫాం గుడ్డ, బూట్లు, సాక్సులు, బెల్టు, పుస్తకాలు, బ్యాగు అన్నీ ఒకేసారి చేతికి రావడం మా పిల్లల ఇళ్లలో చిన్న విషయం కాదు. కానీ పంపిణీ చేసేటప్పుడు తల్లి వేలిముద్ర పడాలి. మా తల్లుల్లో చాలామంది ఇళ్లలో అంట్లు తోమి బతికేవాళ్లు. సబ్బు నీళ్లలో నానీ నానీ వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. బొటనవేలు పెడితే పడదు, చూపుడువేలు పెడితే పడదు, తుడిచి మళ్లీ పెట్టిస్తాం, వెనకాల దూరం దూరంగా నిలబెట్టిన లైను దగ్గరైపోతుంది. "నేను వీడి తల్లిని కాదంటోందా మేడం ఆ మిషను?" అని ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి పడింది. ముద్ర పడ్డాకైనా పని అయిపోతుందా అంటే, రిజిస్టర్‌లో సంతకం, ఆ పేజీ ఫోటో గ్రూపులోకి, మొత్తం సంఖ్య గూగుల్ షీట్‌లోకి, సాయంత్రం అదే సంఖ్య మళ్లీ ఫోన్‌లో. నెల మధ్యలో కృష్ణకు వరదొచ్చి ఒడ్డున ఉన్న కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేసి వెళ్లాయి. ఆ పిల్లలకు కిట్లు ఎందుకు అందలేదో వివరణ వేరే ఫార్మాట్‌లో.

ఇంకా ఉన్నాయి. బడి లేకపోయినా భోజనానికి బదులు ఇంటికిచ్చే బియ్యం, గుడ్లు, చిక్కీల లెక్కలు. టీచర్లకిచ్చే నిష్ఠా శిక్షణ ఆన్‌లైన్లో మొదలైంది, దీక్షా యాప్‌లో 18 మాడ్యూళ్లు. అవి మాత్రం చదివితే పనికొచ్చేవే, ఇష్టంగానే చేస్తున్నాను, అయితే ఏ మాడ్యూల్ ఎక్కడిదాకా వచ్చిందో గ్రూపులో విడిగా రాయాలి. పైగా బదిలీలు, రేషనలైజేషన్ (పిల్లల సంఖ్యను బట్టి టీచర్ పోస్టులు సర్దడం) ఉన్నాయి కాబట్టి పిల్లల సంఖ్య మళ్లీ మళ్లీ అడుగుతున్నారు.

నా ప్రశ్న సూటిగా అడుగుతాను. తల్లి పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, పిల్లవాడి తరగతి. ఇవన్నీ పోయినేడాది అమ్మఒడికే ఇచ్చాం. అవే మళ్లీ ఒక్కోసారి ఒక్కో వరసలో అడుగుతున్నారు. ఒక్కసారి రాసి పెట్టుకుంటే అన్నిటికీ సరిపోయేలా మీలో ఎవరైనా ఏర్పాటు చేసుకున్నారా? రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా నేను పిల్లలకే ఇస్తాను, ఆ టైంలో రిపోర్టు పంపను అని పైవాళ్లకు చెప్పి ఒప్పించుకున్నవాళ్లు ఉన్నారా? ఉంటే ఎలా చెప్పారో చెప్పండి, దయచేసి.

పొన్నూరు హెచ్‌ఎం | 28 అక్టోబర్, రాత్రి 11:05

మేడమ్, నమస్తే. మాది గుంటూరు జిల్లాలో హైస్కూలు. మా దగ్గర పిల్లలు ఎక్కువ, కానీ క్లర్క్ ఉన్నాడు. మీకు ఆ సాయం కూడా లేదు కాబట్టి మీ కష్టం మాకంటే ఎక్కువే.

మీ మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. ఒక ఎక్సెల్ ఫైలు. అందులో మొదటి గడి ఎప్పుడూ అడ్మిషన్ నంబరే ఉండాలి. పేరు పెట్టుకోవద్దు, ఎందుకంటే అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒకలా ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. ఇంటిపేరు ముందు వెనకలు, "లక్ష్మి" ఇంగ్లిష్ స్పెల్లింగులు, ఇవన్నీ మీకు తెలిసినవే. రెండు పేర్లూ రెండు గడుల్లో ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి, ఏ ఫార్మాట్ ఏది అడిగితే అది ఇవ్వొచ్చు. తర్వాత తల్లి పేరు, తల్లి ఆధార్, బియ్యం కార్డు నంబరు, బ్యాంకు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, బూటు సైజు. ఆ చివర మీ సొంతానికి మూడు గడులు పెట్టుకోండి: ఫోన్ ఎవరిది, ఏ టైంలో ఇంట్లో ఉంటుంది, రీఛార్జి ఉందా. ఈ మూడూ ఏ ఫార్మాట్‌లోనూ అడగరు, కానీ మీకు అన్నిటికంటే పనికొచ్చేవి అవే.

బ్యాంకు విషయంలో ఒక జాగ్రత్త. ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రాబ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. మన జిల్లాల్లో తల్లుల ఖాతాలు ఎక్కువగా ఆంధ్రాబ్యాంకువే. పోయినేడాది మీరు రాసుకున్న కోడ్‌లు ఎప్పటికీ అవే ఉంటాయనుకోవద్దు. ఆ ఖాతాలకు ఇప్పుడే రంగు వేసి పెట్టుకుంటే, మళ్లీ అడిగినప్పుడు అందరికీ ఫోన్లు చేయక్కర్లేదు, వాళ్లకు మాత్రం చేస్తే చాలు.

ఇంకో ముఖ్యమైన మాట. ఏ సంఖ్య పంపినా పక్కన తేదీ వేయండి. "28-10-2020 నాటికి" అని. ఈ సంవత్సరం ప్రైవేటు బడుల నుంచి మన దగ్గరకు చేరేవాళ్లు ఎక్కువ, వారం వారం సంఖ్య మారుతోంది. సోమవారం పంపిన లెక్కకూ శుక్రవారం పంపిన లెక్కకూ తేడా వస్తే "ఎందుకు తేడా" అని ఇంకో వివరణ అడుగుతారు. తేదీ ఉంటే ఆ గొడవ చాలావరకు తప్పుతుంది. నాకు తప్పింది.

గూగుల్ షీట్ గురించి కూడా. మండలం మొత్తం ఒకే షీట్‌లో ఒకేసారి రాస్తుంటే మన వరస మీద పక్క బడివాళ్లు రాసేస్తారు, ఎవరి తప్పూ ఉండదు. నింపగానే స్క్రీన్‌షాట్ తీసి ఒక ఫోల్డర్‌లో వేసుకోండి. "మీ బడి నింపలేదు" అంటే ఆ ఫోటో చాలు. ఆధార్ నంబర్లు పూర్తిగా ఉన్న ఫైలు మాత్రం వాట్సాప్ గ్రూపులో ఎట్టి పరిస్థితుల్లో పెట్టకండి. అడిగినా చివరి నాలుగంకెలు మాత్రమే పెట్టి, పూర్తి వివరాలు బడి ఆన్‌లైన్ లాగిన్‌లో ఉన్నాయని చెప్పండి.

రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు మేడమ్. రాత్రి ఫోన్ పక్కన పెట్టే ధైర్యం నేనూ ఇంతవరకు చేయలేదు.

క్లస్టర్ మనిషి | 29 అక్టోబర్, ఉదయం 7:15

నేను సీఆర్‌పీని, క్లస్టర్‌లోని బడులకూ మండలానికీ మధ్య పనిచేసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ని. అంటే రాత్రి గ్రూపులో ఆ "మోస్ట్ అర్జెంట్" పెట్టేది నాలాంటివాళ్లమే. మా వైపు ఏం జరుగుతుందో చెబుతాను, మీకు ఉపయోగపడొచ్చు.

భోజనం లెక్కలు చూసే విభాగం ఒకటి, శిక్షణలు చూసేది ఒకటి, భవనాల పనులు చూసేది ఇంకొకటి. ఎవరి ఫార్మాట్ వాళ్లది. పక్క విభాగం దగ్గర ఆ సమాచారం ఉందో లేదో చూసే అలవాటు ఎవరికీ లేదు. పై మీటింగ్ సాయంత్రం అయిపోతుంది. అక్కడ ఒక సంఖ్య అడుగుతారు. మర్నాడు పొద్దున్న మీటింగ్‌కి అది ఉండాలి. మాకు ఆ మెసేజ్ ఏడుకో ఏడున్నరకో వస్తుంది, మేము ఎనిమిదికి మీకు పెడతాం. మీరు పిల్లలతో మాట్లాడే టైం అదేనని పైన ఎవరికీ తెలియదు మేడం. మీరు చెప్పేదాకా నాకూ తెలియదు, నిజంగా.

మీరు చేయగలిగింది ఒకటుంది. అడిగిన వాటిలో సగం దాకా ఇప్పటికే ఆన్‌లైన్‌లో ఉంటాయి. మండలం లాగిన్‌లో బడుల వారీగా రిపోర్టు దించుకోవచ్చు. కానీ దించి, ఒక గడి తీసేసి, ఇంకో గడి చేర్చడం కంటే గ్రూపులో అడగడం తేలికని మావాళ్లు అడిగేస్తారు. మీరు "ఈ వివరం లాగిన్‌లో ఉంది, ఫలానా తేదీన అప్‌డేట్ చేశాం, అందులోంచి తీసుకోగలరు" అని మర్యాదగా ఒక్క లైను రాయండి. ఒక్కరు రాస్తే మాకు కోపం వస్తుంది. స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే దగ్గర దగ్గరి బడుల సమూహంలో, ఉన్న బడులన్నీ అదే లైను రాస్తే మేమే దించుకుంటాం. మాకూ ఆ లైను పైకి చూపించడానికి ఉంటుంది.

మాది కాంట్రాక్టు ఉద్యోగం. ఎదురు చెప్పే చోటు మాకు మీకంటే తక్కువ. అది కూడా గుర్తుంచుకోండి.

బ్రాడీపేట టీచర్ | 29 అక్టోబర్, ఉదయం 9:40

నేను గుంటూరులో ప్రైవేటు స్కూల్లో మ్యాథ్స్ చెబుతాను. మాకు ప్రభుత్వ ఫార్మాట్లు లేవు, కానీ వేరేవి ఉన్నాయి. క్లాసు మొదలవగానే ఎంతమంది ఉన్నారో స్క్రీన్‌షాట్, మధ్యలో ఒకటి, చివర ఒకటి. రాత్రికి డైలీ రిపోర్ట్. రాని పిల్లల ఇళ్లకు ఫోన్ చేసి కారణం రాయాలి, అదే ఫోన్‌లో ఫీజు గుర్తు చేయాలి. ఆ ఫీజు మాట ఎత్తిన తర్వాత ఆ తల్లి నాతో పిల్లవాడి లెక్కల గురించి మాట్లాడదు. మర్నాడు నా నంబరు చూసి ఎత్తదు కూడా. జీతం ఏప్రిల్ నుంచి సగమే ఇస్తున్నారు. నేను ఇక్కడ రాయడం ఎందుకంటే, "ప్రైవేటులో ఇలాంటివి ఉండవు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఉంటాయి.

సింగ్‌నగర్ తమ్ముడు | 29 అక్టోబర్, మధ్యాహ్నం 1:30

నేను టీచర్ని కాదు, డిగ్రీ చదువుతున్నాను. మా చెల్లి ఐదో తరగతి, సర్కారు బడి. ఈ రిపోర్టుల బరువు ఇళ్ల మీద కూడా పడుతోందని చెబుదామని రాస్తున్నా. అమ్మ ఆధార్ జిరాక్స్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ జిరాక్స్, బియ్యం కార్డు జిరాక్స్. జూన్‌లో బడివాళ్లకిచ్చాం. తర్వాత వార్డు సచివాలయం వాళ్లు వచ్చి అవే తీసుకున్నారు. ఇప్పుడు మళ్లీ బడికి తెమ్మన్నారు. అమ్మ బట్టల షాపులో పనిచేస్తుంది, పూట సెలవు పెడితే ఆ పూట డబ్బులు కోస్తారు. టీచర్ గారి మీద నాకేం కోపం లేదు, ఆవిడే ఫోన్‌లో "ఏమనుకోకు నాన్నా, మళ్లీ అడుగుతున్నారు" అని బాధపడ్డారు. పొన్నూరు సార్ చెప్పినట్టు ఒకచోట రాసుకుని ఉంచితే మా అమ్మకు కూడా మేలే.

బెజవాడ ఎస్‌జీటీ | 29 అక్టోబర్, రాత్రి 9:50

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పొన్నూరు సార్, ఇవాళే ఫైలు మొదలుపెట్టాను. "ఫోన్ ఏ టైంలో ఇంట్లో ఉంటుంది" అనే గడి నింపుతుంటే ఒక సంగతి తెలిసింది. మా పిల్లల్లో కొందరికి పొద్దున ఆరున్నరకే ఫోన్ దొరుకుతుంది, నాన్న రైతుబజారుకో హమాలీ పనికో బయల్దేరేముందు. వాళ్లందరినీ ఇన్నాళ్లూ రాత్రికే పెట్టుకున్నాను. పొద్దున కొందరు, రాత్రి కొందరు అని పంచుకుంటే రాత్రి కాస్త తెరిపి వస్తుంది.

సీఆర్‌పీ గారూ, మీ వైపు నుంచి చెప్పినందుకు కృతజ్ఞతలు. సాయంత్రం మీటింగ్, పొద్దున మీటింగ్ మధ్యలో మా పిల్లల టైం పడిపోతోందని ఇప్పుడే అర్థమైంది. తమ్ముడూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. జిరాక్సులు మళ్లీ అడగకుండా ఉండాల్సింది మేమే.

ఇవాళ తాజా కబురు చూశారు కదా. 9, 10 తరగతులు నవంబర్ 2 నుంచి, 6, 7, 8 తరగతులు 23 నుంచి, మా చిన్నపిల్లలు డిసెంబర్ 14 నుంచి అట. అంటే మాకు ఇంకో నెలన్నర ఫోన్ పాఠాలే. అందుకే రెండో ప్రశ్న వదలలేకపోతున్నాను. రాతపూర్వకంగా అడిగితే తప్పవుతుందా? విద్యాహక్కు చట్టంలో టీచర్లకు వేరే పనులు చెప్పకూడదని ఉందంటారు, అది చూపించవచ్చా?

పెదకాకాని మాస్టారు | 29 అక్టోబర్, రాత్రి 10:45

అమ్మా, నేను రిటైరై కొంతకాలమైంది. ఉద్యోగంలో ఉండగా సంఘం పనులు చేసినవాణ్ణి కాబట్టి ఈ సెక్షన్లు నోటికి వచ్చు.

మీరు విన్నది విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 27. బోధనేతర పనులకు టీచర్లను పంపకూడదని, పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు మాత్రం మినహాయింపని అందులో ఉంది. ఆ సెక్షన్ పట్టుకుని వెళ్తే మీకు అంత బలం రాదమ్మా. మీ బడి పిల్లల వివరాలు మీరు రాయడం బోధనేతర పని కాదు, బడి పనే అని వెంటనే అంటారు. దానికి తోడు కోవిడ్ విపత్తు అంటారు. వాదన అక్కడే ఆగిపోతుంది.

మూడు సెక్షన్లు వెనక్కి రండి. సెక్షన్ 24 టీచర్ విధులు చెబుతుంది. వేళకు రావడం, సిలబస్ పూర్తి చేయడం అందరికీ తెలుసు. దాంతోపాటు, ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేసి అవసరమైతే అదనంగా బోధించాలని, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, ప్రగతి గురించి తెలియజేయాలని కూడా ఉంది. మీరు రాత్రి ఎనిమిదింటికి ఆటో నడిపే తండ్రి ఫోన్‌లో బిడ్డ చేత చదివించి, ఎక్కడ ఆగాడో చూసుకుని, ఆ తండ్రికి కూడా చెబుతున్నారు చూడండి, అది అచ్చంగా సెక్షన్ 24 పనే. దయతో చేస్తున్న అదనపు సేవ అనుకోకండి, చట్టం మీకు అప్పగించిన విధి అది. కాబట్టి "నాకు ఈ పని వద్దు" అని రాయకండి. "చట్టం చెప్పిన ఈ విధి నేను ఫలానా వేళలో చేస్తున్నాను, ఆ వేళ తప్పించి అడగండి" అని రాయండి. ఏ అధికారీ దాన్ని కాదనలేడు.

జూలై 29న వచ్చిన కొత్త జాతీయ విద్యావిధానం కూడా ఒక వాక్యంలో ఉదహరించండి. టీచర్లను బోధనతో నేరుగా సంబంధం లేని పనులకు, భారమైన పాలనాపరమైన పనులకు వాడకూడదని అందులో ఉంది. అది విధానమే, చట్టం కాదు. కాబట్టి దాన్ని తోడుగా మాత్రమే వాడుకోండి.

కాగితం మీరు ఒక్కరే ఇవ్వొద్దు. కాంప్లెక్స్ మీటింగ్‌లో పెట్టించి, హెచ్‌ఎంలందరి సంతకాలతో ఇవ్వండి. ఇచ్చిన కాపీ మీద తప్పనిసరిగా అక్నాలెడ్జ్‌మెంట్ స్టాంపు వేయించుకోండి. భాష మర్యాదగా, అర పేజీ దాటకుండా. పొడుగు ఉత్తరాలు ఎవరూ చదవరు.

క్లస్టర్ మనిషి | 30 అక్టోబర్, ఉదయం 6:50

మాస్టారు చెప్పింది బాగుంది. ఒక్కటి కలుపుతాను. ఆ కాగితంలో టైం స్పష్టంగా రాయండి. "సాయంత్రం 5 లోపు అడిగిన వివరాలు అదే రోజు పంపుతాం, 5 తర్వాత అడిగినవి మర్నాడు 10 లోపు పంపుతాం" అని. ఎప్పటికి వస్తుందో తెలిస్తే మేం పైకి ఆ మాటే చెబుతాం. ఎప్పుడొస్తుందో తెలియకే మాకు టెన్షన్, అందుకే రాత్రి పది దాకా ఫోన్లు చేస్తాం. నిల్ రిపోర్టులు కూడా ఆపేయమని అడగండి. "ఏమీ లేదు" అని చెప్పడానికి ప్రతి బడీ ఒక ఫార్మాట్ నింపడం ఎందుకు? ఉన్నవాళ్లు మాత్రం రాస్తే సరిపోతుంది.

బెజవాడ ఎస్‌జీటీ | 31 అక్టోబర్, సాయంత్రం 6:30

నిన్న మధ్యాహ్నం కాంప్లెక్స్ హెచ్‌ఎం మేడంతో మాట్లాడాను. మాస్టారు చెప్పిన పద్ధతిలోనే అర పేజీ రాసి తీసుకెళ్లాను. సెక్షన్ 24 లైను చదివి ఆవిడ, "ఇది నాకూ కావాలి, మా హైస్కూల్ వాళ్లను కూడా కలుపుదాం" అన్నారు. సోమవారం మీటింగ్‌లో పెడతారట. సంతకాలు ఎంతమంది చేస్తారో చూడాలి. ఒకరిద్దరు "పేర్లు రాసుకుంటారేమో, బదిలీల టైం కదా" అని భయపడుతున్నారు. వాళ్ల భయం నాకు తెలుసు, ఒత్తిడి చేయను.

సీఆర్‌పీ గారు చెప్పిన సాయంత్రం 5, ఉదయం 10 అనే మాట యథాతథంగా పెట్టాను. నిల్ రిపోర్టుల మాట కూడా ఉంది. ఒక్కటి మాత్రం మేడం తీసేయమన్నారు, చేయని బడుల పేర్లు గ్రూపులో వేయొద్దు అన్న లైను. "ముందు టైం సంపాదిద్దాం, గౌరవం తర్వాత అడుగుదాం" అన్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు కానీ, మొదటి కాగితానికి అదే మంచిదేమోనని తీసేశాను. రెండో కాగితంలో తప్పక పెడతాను.

ఫైలు పూర్తయింది. ఆధార్, ఖాతా నంబర్లు, పేర్లు అన్నీ తీసేసి ఖాళీ ఫార్మాట్ ఒకటి సిద్ధం చేశాను. చిన్న బడుల వాళ్లెవరికైనా కావాలంటే ఇక్కడ అడగండి, పంపుతాను. ఫోన్‌లోనే తెరుచుకుంటుంది, కంప్యూటర్ అక్కర్లేదు. పొన్నూరు సార్, మీరు చెప్పిన గడులకు నేను ఒకటి కలిపాను. పిల్లవాడు కిందటిసారి ఏ మాట దగ్గర ఆగాడో రాసుకోవడానికి. మీ హైస్కూల్లో సబ్జెక్టుల వారీగా ఉండాలేమో, ఎలా పెట్టుకుంటే బాగుంటుందో మీరు చెప్పండి.

పొన్నూరు హెచ్‌ఎం | 31 అక్టోబర్, రాత్రి 7:10

మేడమ్, ఆ ఖాళీ ఫార్మాట్ నాకు తప్పకుండా పంపండి. సోమవారం నుంచి మాకు 9, 10 తరగతులు బడికి వస్తున్నారు, కింది తరగతులు ఇంకా ఫోన్‌లోనే. ఆ చివరి గడిని మేము సబ్జెక్టుకు ఒకటి చొప్పున పెడితే షీట్ మరీ వెడల్పైపోతుంది. తెలుగు, లెక్కలు రెండింటికే పెట్టి చూస్తాం. మీ కాగితం కాపీ కూడా, స్టాంపు పడ్డాక, ఒకటి ఇక్కడ పెట్టండి. బడి పేరు, అధికారుల పేర్లు కొట్టేసి పెట్టండి చాలు. మా కాంప్లెక్స్‌లో కూడా ఇద్దాం.